గాజువాక ఆటోనగర్‌లో సెల్ఫ్ మోటార్ మరమ్మతు: పదిహేనేళ్లు దాటిన బండికి చేయించిన పనిపై సమీక్ష

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లారీల డైనమోలు, సెల్ఫ్ మోటార్లు బాగుచేసే ఒక చిన్న ఎలక్ట్రికల్ దుకాణంలో, 2025 జనవరిలో నా పాత మోటార్ సైకిల్‌కు చేయించిన పని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం నడిపే మేస్త్రీ గారు తన పేరు గానీ, దుకాణం గుర్తులు గానీ రాయవద్దని కోరారు. ఇద్దరు కుర్రవాళ్లతో నడిచే ఆ చోట ఇప్పటికే చేతినిండా పని ఉందని, కొత్తవాళ్లు వరుస కడితే పాతవాళ్లకు మాట తప్పవలసి వస్తుందని ఆయన అన్నారు. అందుకే ఇక్కడ చిరునామా ఇవ్వలేకపోతున్నాను. అయినా ఈ సమీక్ష ఉపయోగపడుతుందనే నమ్మకంతో రాస్తున్నాను, ఎందుకంటే నన్ను ఆకట్టుకున్నది ఆ దుకాణం కన్నా అక్కడ పని మొదలుపెట్టిన తీరు. ఆ తీరును మీ ఊరి మెకానిక్ దగ్గర కూడా మీరు అడిగి చేయించుకోవచ్చు.

నా బండి 2009లో రిజిస్టరైన 150 సీసీ మోటార్ సైకిల్. కిక్, సెల్ఫ్ రెండూ ఉన్న కాలపు బండి అది. పదిహేనేళ్ల గడువు ముగిసినందున 2024లో రవాణా శాఖ కార్యాలయంలో తనిఖీ చేయించి, మరో 5 ఏళ్లకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకున్నాను. ఇంజిన్ ఇప్పటికీ పొగ లేకుండా, శబ్దం లేకుండా నడుస్తుంది. ఇబ్బంది పెట్టింది సెల్ఫ్ ఒక్కటే. ఉదయం ఇంటి దగ్గర బటన్ నొక్కితే వెంటనే అందుకునేది. పది పదిహేను కిలోమీటర్లు నడిపి, పెట్రోలు బంకులోనో కూరగాయల దుకాణం ముందో ఆపి మళ్లీ నొక్కితే మోటార్ బరువుగా మూలిగి ఆగిపోయేది, లేదా బటన్ నొక్కగానే మోటారుకు కరెంటు కలిపే రిలే ఒక్కసారి టక్‌మని ఊరుకునేది. అదే సమయంలో కిక్ కొడితే మొదటి దెబ్బకే ఇంజిన్ అందుకునేది. అంటే పెట్రోలు, ప్లగ్గు, కార్బ్యురేటర్ సక్రమంగానే ఉన్నాయి, లోపం సెల్ఫ్ దారిలోనే ఉందన్నమాట. మోకాలి నొప్పి కారణంగా కిక్ కొట్టడం నాకు కష్టమైన పని కాబట్టి, సెల్ఫ్ లేకపోతే ఈ బండిని ఉంచుకోవడంలో అర్థం లేదు. బండిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆటోనగర్‌కు చేరే ముందు రెండు చోట్ల డబ్బు ఖర్చయింది. మొదటి చోట బండిని చూసీ చూడగానే బ్యాటరీ పోయిందన్నారు. పాత బ్యాటరీకి మూడేళ్లు నిండాయి కాబట్టి నాకూ అది సబబుగానే తోచి 12 వోల్టుల, 9 ఆంపియర్ అవర్ల కొత్త బ్యాటరీ వేయించాను. పది రోజులు సెల్ఫ్ బాగా పడింది, తరువాత మళ్లీ పాత కథే. రెండో చోట మోటారే పోయిందని తేల్చి, కంపెనీది కాని చవక మోటార్ ఒకటి బిగించి పాతది గోనెసంచిలో నా చేతికిచ్చారు. దానితో నెల రోజులు గడిచాయి. మూడోసారి వెళ్లినప్పుడు వైరింగ్ మొత్తం మార్చాలన్నారు. పదిహేనేళ్ల బండికి మొత్తం వైరింగ్ మార్చడమంటే ఒక లోపం పోయి నాలుగు కొత్తవి రావడమేనన్న భయంతో నేను ఒప్పుకోలేదు. ఆ రెండు చోట్లా ఎవరూ నన్ను మోసగించాలని చూశారని నేను అనుకోవడం లేదు. కానీ రెండు చోట్లా వోల్టులు కొలిచే మీటరు బయటికి తీసినవారు లేరు. భాగం మార్చి చూడటమే అక్కడి పరీక్ష. ఆ పరీక్షకయ్యే ఖర్చు మాత్రం బండి యజమానిది.

పోర్టుకూ, ఉక్కు కర్మాగారానికీ తిరిగే లారీల వల్ల గాజువాక ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్లు చాలామంది ఉంటారు. అయితే వాళ్లలో ఎక్కువమంది ద్విచక్ర వాహనాన్ని ముట్టుకోరు. నేను చెప్పే మేస్త్రీ గారు ఖాళీ దొరికితే ముట్టుకుంటారు. నేను గోనెసంచిలోని పాత మోటారును బల్ల మీద పెట్టి, దీన్ని విప్పి చూడమని అడిగితే ఆయన దాన్ని పక్కకు జరిపి, "విప్పమంటే విప్పుతాను సార్, కానీ ముందు కరెంటు ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం. బండిని వేడెక్కించి తీసుకురండి" అన్నారు. నేను షీలానగర్ దాకా వెళ్లి, తిరిగి వచ్చేసరికి ఇంజిన్ బాగా కాగింది. లోపం వేడి మీద కనిపిస్తుందని చెప్పినప్పుడు దాన్ని వేడి మీదే చూడాలన్న ఇంగితం చిన్న విషయంలా కనిపించవచ్చు. కానీ అంతకు ముందు రెండు చోట్లా బండిని రాత్రంతా షెడ్డులో ఉంచి, పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద బటన్ నొక్కి, బాగానే ఉందని చెప్పి పంపించారు.

తరువాతి పావుగంటలో జరిగింది ఈ సమీక్షకు ప్రాణం కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మొదట బ్యాటరీ రెండు కొసల మధ్య మల్టీమీటరు పెట్టి చూశారు, 12.7 వోల్టులు ఉంది. నిండుగా చార్జి అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కాస్త సేపు ఊరికే ఉన్నప్పుడు 12.6 నుంచి 12.8 వోల్టుల దాకా చూపించాలి, 12 వోల్టుల దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ అయినట్టే. అయితే ఊరికే ఉన్నప్పటి వోల్టేజీని నమ్మకూడదని, బరువు ఎత్తమన్నప్పుడే బ్యాటరీ సత్తా తెలుస్తుందని చెప్పి, కుర్రవాడిని బటన్ నొక్కమన్నారు. మోటార్ మూలుగుతున్న ఆ రెండు మూడు సెకన్లలో బ్యాటరీ దగ్గర 10.9 వోల్టులు కనిపించింది. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కన్నా కిందికి జారితే దాన్ని అనుమానించాలి, 10.9 అంటే బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆ తరువాత మీటరు పుల్లలను బ్యాటరీ మీద నుంచి తీసి, ఒకటి మోటార్ మీది బోల్టుకు, మరొకటి మోటార్ ఒంటికి ఆనించి మళ్లీ బటన్ నొక్కించారు. అక్కడ 8.6 వోల్టులే ఉంది. బ్యాటరీ నుంచి బయలుదేరిన 10.9లో 2.3 వోల్టులు దారిలోనే ఎక్కడో ఇంకిపోతున్నాయి.

ఆ 2.3 వోల్టులు ఎక్కడ పోయాయో ఆయన మజిలీ మజిలీకీ కొలుచుకుంటూ వెళ్లారు. బ్యాటరీ ప్లస్ కొస నుంచి రిలే మొదటి బోల్టు దాకా 0.1 వోల్టు. రిలే రెండు బోల్టుల మధ్య 0.6. రిలే నుంచి మోటార్ దాకా 0.2. ఇక మిగిలిన 1.4 వోల్టులు తిరుగుదారిలో, అంటే ఇంజిన్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్ కొసకు వచ్చే ఎర్త్ వైపు పోతున్నాయి. మంచి స్థితిలో ఉన్న బండిలో ప్లస్ వైపు మొత్తం కలిపి అర వోల్టు, ఎర్త్ వైపు 0.2 వోల్టు దాటకూడదని ఆయన లెక్క. నాలుగు అంకెలనూ కూడితే సరిగ్గా 2.3 వచ్చింది. చిన్న కాగితం ముక్క మీద ఆయన రాసిన ఆ కూడికను నేను దాచుకున్నాను. కొత్త బ్యాటరీతో పది రోజులు, కొత్త మోటారుతో నెల రోజులు బండి ఎందుకు బాగుందో నాకు అప్పుడు అర్థమైంది. కొత్త బ్యాటరీకి, కొత్త మోటారుకు కాస్త మిగులు బలం ఉంటుంది, ఆ మిగులు దారిలోని నష్టాన్ని కొంతకాలం కప్పిపుచ్చుతుంది. చలి తగ్గి ఇంజిన్ మరింత కాగినప్పుడో, బ్యాటరీ రెండు పిసర్లు దిగినప్పుడో అసలు సంగతి మళ్లీ బయటపడుతుంది.

వైరు బాగుందో లేదో చూడటానికి మనలో చాలామంది మీటరును ఓముల మీద పెట్టి రెండు కొసలకూ ఆనిస్తాం, బీప్ అంటే బాగుందనుకుంటాం. నేనూ ఇంట్లో అలాగే చూసి ఎర్త్ వైరు బాగుందని నిర్ధారించుకున్నాను. ఆ పరీక్ష సెల్ఫ్ మోటారుకు పనికిరాదు. ఆ దుకాణంలో డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు ఉంది (బజారులో చవకగా దొరికేవాటిలో చాలావరకు ఏసీని మాత్రమే కొలుస్తాయి). దానితో చూస్తే మోటార్ మూలుగుతున్నప్పుడు దాదాపు 50 ఆంపియర్లు లాగుతోంది. 50 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు పోవాలంటే అడ్డంకి (రెసిస్టెన్స్) విలువ 0.028 ఓములు ఉంటే చాలు. అంత చిన్న విలువను మామూలు మల్టీమీటరు చూపలేదు, దాని పుల్లల వైర్ల అడ్డంకే అంతకన్నా ఎక్కువ. కానీ ఆ చిన్న అడ్డంకి దగ్గరే 70 వాట్లు వేడిగా మారిపోతున్నాయి. ఆయన నా చేతిని ఎర్త్ బోల్టు దగ్గర పెట్టించారు. నాలుగైదు సార్లు బటన్ నొక్కాక ఆ బోల్టు వేలికి చురుక్కుమంది. వేడెక్కిన కొద్దీ అడ్డంకి పెరుగుతుంది, అడ్డంకి పెరిగిన కొద్దీ మోటారుకు అందేది తగ్గుతుంది. బరువు లాగుతున్నప్పుడు వోల్టేజీ ఎంత పోతోందో కొలవడమే ఇక్కడ నమ్మదగిన పరీక్ష. దానికి ఖరీదైన పనిముట్టు అక్కరలేదు, నాలుగైదు వందల రూపాయల డిజిటల్ మల్టీమీటరు చాలు. అయితే మీటరును ఆంపియర్ల మీద పెట్టి సెల్ఫ్ వైరుకు మధ్యలో కలపకూడదు. సాధారణ మీటర్లు 10 ఆంపియర్లకు మించి తట్టుకోలేవు.

ఎర్త్ వైరు విప్పి చూపించినప్పుడు లోపం కంటికే కనిపించింది. ఇంజిన్‌కు బిగించే చోట, ఏనాడో ఎవరో బండికి రంగు వేయించినప్పుడు బోల్టు కింద రంగు పొర ఉండిపోయింది, దాని చుట్టూ తుప్పు పట్టింది. అంతకన్నా ముఖ్యంగా, వైరు కొసకు నొక్కి బిగించిన కన్నం బిళ్ల లోపల రాగి పోగులు పచ్చటి చిలుము పట్టి, సగానికి పైగా పొడిపొడిగా రాలిపోయాయి. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు వల్ల అది బయటికి తెలియలేదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర. ఈ ఊళ్లో బీచ్ వైపు ఉండేవాళ్లకు కిటికీ ఊచల సంగతి తెలుసు, ఉప్పుగాలి ఇనుముని తింటుంది. రాగిని కూడా అలాగే తింటుందని, తొడుగు లోపలికి పోగుల వెంబడి పాకుతుందని నాకు తెలియదు. దీనికి తోడు సర్వీసింగులో అధిక పీడనంతో నీళ్లు కొట్టించడం నా అలవాటు. విశాఖలోనే కాదు, కాకినాడలోనైనా మచిలీపట్నంలోనైనా పాత బండి ఉన్నవాళ్లు ముందుగా అనుమానించవలసింది ఎర్త్ వైరునేనని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను.

పని జరుగుతున్నంతసేపూ ప్రశ్నలు అడిగితే విసుక్కోకపోవడం ఈ దుకాణంలో నాకు నచ్చిన మరో గుణం. సెల్ఫ్ పడనప్పుడు వచ్చే శబ్దాన్ని బట్టి లోపం ఎక్కడుందో సగం చెప్పవచ్చని ఆయన వివరించారు. బటన్ నొక్కితే రిలే కూడా పలకకపోతే లోపం చిన్న కరెంటు దారిలో ఉంటుంది. అంటే ఫ్యూజు, సెల్ఫ్ బటన్, క్లచ్ లివరు కింది స్విచ్చి, న్యూట్రల్ స్విచ్చి, రిలే లోపలి చుట్ట, వీటిలో ఏదో ఒకటి. టక టక టక మని రిలే కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీ నీరసించింది లేదా దాని కొసలు వదులయ్యాయి. రిలే అతుక్కున్న క్షణంలో మోటార్ కరెంటు లాగడంతో వోల్టేజీ పడిపోతుంది, రిలే చుట్టకు పట్టు చాలక వదిలేస్తుంది, వదలగానే వోల్టేజీ తిరిగి లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఒక్క టక్ తరువాత నిశ్శబ్దమైతే రిలే లోపలి పలకలు మాడిపోయి ఉండవచ్చు, మోటార్ లోపల తిరిగే భాగానికి ఆని కరెంటు అందించే కార్బన్లు అరిగి ఆనకపోవచ్చు, నా బండిలోలాగా దారిలో నష్టం ఉండవచ్చు. మోటార్ ఝుయ్‌మని తిరుగుతూ ఇంజిన్ మాత్రం కదలకపోతే అది కరెంటు సమస్యే కాదు, మోటార్ తిప్పుడును ఒకే దిశలో ఇంజిన్‌కు అందించే లోపలి వన్ వే క్లచ్ జారుతోందని అర్థం, దానికి కవరు విప్పక తప్పదు. ఆఖరిదాన్ని ఎలక్ట్రీషియన్ దగ్గరకు తెచ్చి మోటార్ మార్పించుకున్నవాళ్లను ఆయన చాలామందిని చూశారట.

మోటార్‌ను స్పానరు పిడితో తడితే పడుతుంది కదా అని నేను అడిగాను. పడుతుంది, కార్బన్లు గూటిలో ఇరుక్కున్నప్పుడు ఆ కుదుపుకు కదిలి ఆనుకుంటాయి. అయితే మోటార్ సైకిల్ సెల్ఫ్ మోటార్లలో చుట్టూ అయస్కాంతపు పలకలు జిగురుతో అతికి ఉంటాయి, గట్టిగా కొడితే అవి పగులుతాయి. పగిలిన ముక్క లోపల తిరిగే తీగచుట్టల భాగానికి, అంటే ఆర్మేచర్‌కు తగిలితే ఇక ఆ మోటార్ బాగుపడదు. అలాగే రిలే రెండు బోల్టులను స్క్రూడ్రైవరుతో కలిపి చూడటం వీధి మెకానిక్‌ల దగ్గర మామూలే. చార్జి అయ్యే బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ చేరి ఉంటుంది, పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది, అక్కడ నిప్పురవ్వలు లేపడం ఆయనకు ససేమిరా నచ్చదు. ఆ దుకాణంలో ఏ పని మొదలుపెట్టినా ముందు బ్యాటరీ మైనస్ వైరునే విప్పుతారు, బిగించేటప్పుడు దాన్ని ఆఖరున బిగిస్తారు.

ఎర్త్ దొరికాక గోనెసంచిలోని అసలు మోటార్‌ను కూడా విప్పమన్నాను. విప్పే ముందు గొట్టానికీ రెండు మూతలకూ కలిపి ఒక గీత గీశారు. తిరిగి బిగించేటప్పుడు ఆ గొట్టం అటుదిటు అయితే మోటార్ ఎదురు దిశలో తిరుగుతుందట, తిరుగుతున్నట్టే వినిపించినా ఇంజిన్‌ను లాగదు. లోపల కార్బన్లు ఒకవైపు ఎక్కువగా, ఒకవైపు తక్కువగా అరిగి ఉన్నాయి. షాఫ్టు దగ్గరి ఆయిల్ సీలు గట్టిపడి ఇంజిన్ ఆయిల్ లోపలికి ఊరడంతో, కార్బన్ పొడి నూనెలో కలిసి కాటుకలా అంటుకుంది. కార్బన్లు ఆనే కమ్యూటేటర్ రాగి పలకల మధ్య సందులు ఆ కాటుకతో పూడుకుపోయాయి. ఆర్మేచర్‌ను గ్రోలర్ (చుట్టల్లో లోపం పట్టే విద్యుదయస్కాంత పరికరం) మీద పెట్టి, పైన హాక్సా బ్లేడు ఆనించి నెమ్మదిగా తిప్పి చూశారు. చుట్టలు లోపల కలిసిపోయి ఉంటే ఆ చోట బ్లేడు కంపిస్తుంది, ఇక్కడ కంపించలేదు. కమ్యూటేటర్‌కూ షాఫ్టుకూ మధ్య కరెంటు పారకూడదు, అదీ చూశారు. తరువాత లేత్ మీద కమ్యూటేటర్ పైన వెంట్రుకవాసి పొర తీయించి, సందుల్లోని మైకాను (కరెంటు పారనివ్వని అభ్రకపు పొరను) అరగదీసిన బ్లేడు ముక్కతో రాగి కన్నా కాస్త కిందికి గీశారు. ఈ చివరి పని ఓపికతో కూడుకున్నది, చాలాచోట్ల వదిలేస్తారు. వదిలేస్తే రాగి అరిగిన కొద్దీ మైకా పైకి లేచి కార్బన్లను ఆననివ్వదు. కొత్త కార్బన్లు, కొత్త ఆయిల్ సీలు, 'O' ఆకారపు రబ్బరు రింగు (ఓ-రింగు) వేసి, బుష్‌లో పిసరంత గ్రీజు పెట్టి మూశారు. పాత భాగాలన్నీ కాగితంలో చుట్టి నాకిచ్చారు.

రిలేను కూడా మార్చారు, 0.6 వోల్టులు మింగే రిలేను ఉంచడంలో అర్థం లేదన్నారు. అప్పుడే మరో సంగతి బయటపడింది. గతంలో ఎవరో క్లచ్ స్విచ్చి వైర్లు రెండూ మెలిపెట్టి నేరుగా కలిపేశారు. గేరులో ఉండగా, క్లచ్ పట్టుకోకుండానే సెల్ఫ్ నొక్కితే బండి ముందుకు దూకుతుంది. ఇంట్లో పిల్లలు స్టాండు మీద ఉన్న బండి ఎక్కి బటన్లు నొక్కే సంగతి నాకు తెలుసు. ఇది ఎన్నేళ్లుగా అలా ఉందోనన్న ఆలోచనకే నా గుండె జారింది. మేస్త్రీ గారు దాన్ని తనంతట తాను సరిచేసి లెక్కలో కలపలేదు, నన్ను పిలిచి చూపించి, సరిచేయమంటారా అని అడిగి చేశారు. అడిగి చేయడం అనే మర్యాద మరమ్మతు దుకాణాల్లో చాలా అరుదు.

ఫలితం గురించి అంకెల్లోనే చెబుతాను. మందమైన కొత్త ఎర్త్ వైరు వేసి, దాని కింద రంగును గీకి మెరిసే లోహం మీద బిగించి, పైన గ్రీజు రాశారు. అసలు మోటార్‌నే తిరిగి బిగించారు. వేడి ఇంజిన్ మీద బటన్ నొక్కితే బ్యాటరీ దగ్గర 11.3 వోల్టులు, మోటార్ దగ్గర 10.9 వోల్టులు వచ్చాయి. దారిలో నష్టం 2.3 నుంచి 0.4కు తగ్గింది. బ్యాటరీ అదే అయినా దాని దగ్గరి వోల్టేజీ కూడా 10.9 నుంచి 11.3కు పెరగడం చూసి మొదట నాకు ఆశ్చర్యం కలిగింది. దానికి కారణం ఉంది. తగినంత వోల్టేజీ అందిన మోటార్ వేగంగా తిరుగుతుంది, వేగంగా తిరిగే మోటార్ తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టించి తక్కువ కరెంటు లాగుతుంది, ఆ మేరకు బ్యాటరీకి శ్రమ తగ్గుతుంది. అంటే చెడిన ఎర్త్ వైరు మోటార్‌ను కుంటుపరచడమే కాక, బ్యాటరీని కూడా అనవసరంగా పిండేస్తోంది. నేను మార్పించిన చవక మోటార్‌లో కూడా తప్పేమీ లేదు, అది ఇప్పుడు అటక మీద అక్కరకు ఉంది.

ఖర్చు విషయానికి వస్తే, మోటార్ విప్పి బాగుచేసిన కూలి 450 రూపాయలు, లేత్ పనికి 100, కార్బన్లు, సీలు, ఓ-రింగు కలిపి 260, రిలే 320, ఎర్త్ వైరు, బిళ్లలు 120, క్లచ్ స్విచ్చి పనికి 80, మొత్తం 1,330 రూపాయలు. కొలిచి లోపం కనిపెట్టినందుకు ఆయన విడిగా ఏమీ తీసుకోలేదు. నాకైతే ఆ పనికే ఎక్కువ విలువ ఇవ్వాలనిపించి మరో 200 ఇచ్చాను. అంతకు ముందు రెండు చోట్లా కలిపి నాకైన ఖర్చు దీనికి మూడు రెట్ల పైమాటే, అందులో ఒక్క రూపాయీ అసలు లోపానికి తగలలేదు.

లోపాలు లేవని చెప్పను. రేపు ఇస్తామన్న బండి నాలుగో రోజుకు గానీ చేతికి రాలేదు, లారీ పని వస్తే చిన్న బండ్లు వెనక్కి పోతాయి. బిల్లు ఇవ్వరు. నేను పట్టుబట్టాక తెల్లకాగితం మీద తేదీ వేసి రాసిచ్చారు. మూడు నెలల హామీ మాట మీదే. బండి తీసుకెళ్లిన మరునాడు చూస్తే కొత్త ఎర్త్ వైరు ఎగ్జాస్ట్ గొట్టానికి దగ్గరగా వేలాడుతోంది. తొడుగు కరిగితే కొత్త తంటా కాబట్టి వెనక్కి తీసుకెళ్లాను, వెంటనే క్లిప్పు వేసి దూరంగా కట్టారు. అన్నిటికన్నా పెద్ద లోపం, బ్యాటరీకి చార్జింగు సరిగ్గా అందుతోందో లేదో తమంతట తాము చూడకపోవడం. సెల్ఫ్ సమస్య అని వచ్చిన ఏ బండికైనా ఇది తప్పనిసరి పరీక్ష అని నా అభిప్రాయం. చార్జింగు తక్కువైతే వారం తిరగకుండా మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. నేను అడిగాక ఇంజిన్ వేగం పెంచి కొలిచారు, 14.1 వోల్టులు వచ్చింది. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే మంచిదే. అంత జాగ్రత్తగా కొలిచే మనిషి ఇదొక్కటి వదిలేయడం నాకు వెలితిగా అనిపించింది.

వన్ వే క్లచ్ లాంటి ఇంజిన్ లోపలి పనికి ఈ దుకాణం పనికిరాదు, ఆయనే ఆ మాట చెప్పి పంపించేస్తారు. ఇంధన ఇంజెక్షన్ ఉన్న కొత్త బండ్లను కూడా తీసుకోరు. కార్బ్యురేటర్ కాలపు 125 నుంచి 220 సీసీ బండ్లున్నవాళ్లు ఇలాంటి పని తెలిసిన ఎలక్ట్రీషియన్ కోసం తమ ఊరి ఆటోనగర్‌లో వెతకడం మంచిది. మోటార్ విప్పించే ముందు, వేడి ఇంజిన్ మీద బటన్ నొక్కి, బ్యాటరీ దగ్గరా మోటార్ దగ్గరా ఎన్ని వోల్టులున్నాయో కొలిచి చూపించమని అడగండి. ఆ రెండు అంకెల తేడా ఒక వోల్టు దాటితే మోటార్ జోలికి పోకుండా వైర్లు, రిలే, ఎర్త్ చూడమనండి. తేడా తక్కువగా ఉండి కూడా మోటార్ మూలుగుతుంటే అప్పుడు విప్పించండి. 2017 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లకు చాలావరకు హెడ్‌లైట్ ఆర్పే స్విచ్చి ఉంటుంది కాబట్టి, సెల్ఫ్ నొక్కే ముందు దాన్ని ఆర్పడం అలవాటు చేసుకోవచ్చు. ఒకసారి 5 సెకన్లకు మించి నొక్కకుండా, మధ్యలో అర నిమిషం ఆగడం కార్బన్లకూ బ్యాటరీకీ మంచిది.

నేను ఈ సమీక్షను వెంటనే రాయకుండా వర్షాకాలం దాటేదాకా ఆగాను, ఎందుకంటే తడి గాలిలో చిలుము మళ్లీ మొదలవుతుందేమోనన్న అనుమానం ఉండేది. అక్టోబరులో నా మీటరుతోనే, కాగిన ఇంజిన్ మీద ఎర్త్ వైపు కొలిచాను. 0.1 వోల్టు ఉంది.